17 గంటల పందెం



సిడ్నీ ఒలింపిక్స్ అనగానే ఆమదాలవలస వాళ్ళకి ఒక్క పేరే గుర్తొస్తుంది. కరణం మల్లేశ్వరి. మన ఊసవానిపేటలో పెరిగిన అమ్మాయి. 2000వ సంవత్సరం సెప్టెంబరు 19న, వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు లేపి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. మీరే నాకు చెప్పగలరు.

అదే సిడ్నీలో, దానికి మూడు రోజుల ముందు, సెప్టెంబరు 16న ఇంకొకటి జరిగింది. దాని సంగతి మన ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒపేరా హౌస్ పక్కన సముద్రపు నీళ్ళలోకి కొందరు అమ్మాయిలు దూకారు. ఒకటిన్నర కిలోమీటరు ఈదారు. ఒడ్డెక్కి, తడిబట్టలతోనే సైకిళ్ళెక్కారు. సైకిళ్ళు దిగి పరుగందుకున్నారు. ఈత, సైకిలు, పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో గడియారం ఆగదు. ట్రయథ్లాన్ అంటే ఇదే. ఒలింపిక్స్‌లోకి అది అడుగుపెట్టిన మొదటి రోజు అది. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రిజిట్ మక్‌మాన్ సుమారు రెండు గంటల్లో ముగించి బంగారు పతకం గెలిచింది.

రెండు గంటలంటే అది పొట్టి పందెం. ఇవాళ నేను మాట్లాడబోయేది పొడుగు పందెం గురించి. ఐరన్‌మ్యాన్ అంటారు. ముందు దూరాలు చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఈత 3.8 కిలోమీటర్లు. సైకిలు 180 కిలోమీటర్లు. పరుగు 42 కిలోమీటర్ల పైన కొంచెం, అంటే పూర్తి మారథాన్. మళ్ళీ చెప్తున్నాను. నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ ఈత, 180 సైకిలు, 42 పరుగు. అన్నీ ఒకే రోజు. దీనికి గడువు 17 గంటలు.

మన లెక్కలో చెప్తే ఎలా ఉంటుందో చూడండి. ఆమదాలవలసలో సైకిలెక్కి విశాఖపట్నం వెళ్ళాలి. అక్కడ టీ కూడా తాగకుండా వెనక్కి తిరగాలి. తిరుగుదారిలో సగం దూరం దాటాక సైకిలు దిగనిస్తారు. అప్పటికి ఈత పొద్దున్నే అయిపోయింది. పరుగు ఇంకా మొదలే కాలేదు. దారిలో ఏ చిలకపాలెం దగ్గరో ఎవరో పెద్దాయన ఆపి అడుగుతాడు. "ఏటి బాబూ, వైజాగు సైకిలు మీద ఎల్తన్నావా? రైలుకి డబ్బుల్లేవా?" రైల్వే స్టేషను ఉన్న ఊరి మనిషికి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టమే.

బలమంటే మన ప్రాంతానికి గౌరవం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారి కథలు మన తాతల దగ్గర విన్నాం. మల్లేశ్వరి ఎత్తులు టీవీలో చూశాం. ఆ బలం కొన్ని క్షణాల్లో బయటపడుతుంది. ఊపిరి బిగబట్టి, ఉన్నదంతా ఒక్కసారే పెట్టేయాలి. పొడుగు ట్రయథ్లాన్ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఆట. ఇక్కడ ఉన్నదంతా ఒక్కసారే పెట్టినవాడు మధ్యాహ్నానికి రోడ్డు పక్కన కూలబడతాడు. దాచుకున్నవాడు, ఆచితూచి ఖర్చుపెట్టినవాడు రాత్రికి గీత దాటతాడు. నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఈ పందెంలో గొప్ప విద్య తగ్గి వెళ్ళడం. దీన్ని మళ్ళీ మళ్ళీ అంటాను, విసుక్కోకండి.

ఈ పందెం పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1978 ఫిబ్రవరి, హవాయి దీవులు. అంతకు ముందు అక్కడ ఒక వాదన నడిచింది. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, పరుగెత్తేవాడా? జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి తేల్చేద్దాం అన్నాడు. ఆ దీవిలో అప్పటికే విడివిడిగా ఉన్న సముద్రపు ఈతని, దీవి చుట్టూ తిరిగే సైకిలు దారిని, హోనోలులు మారథాన్‌ని ఒకే రోజులో కలిపేశాడు. 15 మంది బయల్దేరారు. 12 మంది పూర్తిచేశారు. ఎవరి వెంట వాళ్ళ సహాయకులు కారులో నీళ్ళూ తిండీ పట్టుకుని వెళ్ళేవారు.

సైకిలు దిగేసరికి జాన్ డన్‌బార్ అనే అతను ముందున్నాడు. పరుగులోనూ ముందే ఉన్నాడు. ఇంతలో అతని సహాయకుల దగ్గర నీళ్ళు అయిపోయాయి. వాళ్ళు ఏం చేశారో తెలుసా? బీరు ఇచ్చారు. నవ్వకండి, నిజం. వెనక నుంచి గోర్డన్ హేలర్ వచ్చి దాటేశాడు. 11 గంటల 46 నిమిషాల్లో ముగించి మొదటి ఐరన్‌మ్యాన్ అయ్యాడు. ఏం తాగుతాం, ఎప్పుడు తాగుతాం అనేది తొడల బలం కన్నా పెద్ద విషయమని మొదటి పందెమే చూపించింది.

నాలుగేళ్ళ తర్వాత, 1982 ఫిబ్రవరిలో, జూలీ మాస్ అనే కాలేజీ అమ్మాయి అదే పందెంలో పాల్గొంది. చదువులో ఒక పరిశోధన పని కోసం వచ్చింది. చివరి దాకా ఆడవాళ్ళలో ఆమే ముందుంది. గీత కొద్ది దూరంలో ఉండగా ఒళ్ళు పట్టు తప్పింది. పడింది. లేచింది. మళ్ళీ పడింది. చివరికి చేతులూ మోకాళ్ళ మీద పాకింది. ఈలోగా క్యాథ్లీన్ మకార్ట్‌నీ దాటిపోయి గెలిచింది. జూలీ అర నిమిషం లోపు తేడాతో పాకుతూనే గీత దాటింది. అమెరికాలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు గెలిచిన అమ్మాయిని మరిచిపోయి ఈమెను గుర్తుపెట్టుకున్నారు. నా మట్టుకు నాకు ఆ దృశ్యాన్ని మరీ పొగడడం ఇష్టం ఉండదు. అది తెగువే, కాదనను. కానీ ఒంట్లో సరుకు నిండుకున్న మనిషి కూడా అలాగే కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్ళు పాకడం నేర్చుకోకూడదు, పాకే పరిస్థితి రాకుండా చూసుకోవడం నేర్చుకోవాలి.

సరే, ఇక తయారీ సంగతి.

మన రోడ్ల మీద తెల్లవారుజామున ఒక దృశ్యం మీరు చూసే ఉంటారు. చీకటి వీడకముందే పదిమంది, ఇరవైమంది కుర్రాళ్ళు పరుగెడుతుంటారు. ఆర్మీ రిక్రూట్‌మెంట్ కోసం, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం. వాళ్ళ గురి 1600 మీటర్లు. అంటే ఆ కొద్ది నిమిషాలూ ప్రాణం పెట్టి పరుగెత్తాలి. ముందువాడు చెప్పులు తెగిపోయినా ఆగడు, వెనకవాడు వాంతి చేసుకుని మళ్ళీ కలుస్తాడు. ఈ తమ్ముళ్ళంటే నాకు చాలా గౌరవం. ఈ జిల్లాలో ట్రయథ్లాన్ వీరులు పుట్టాలంటే వీళ్ళలోంచే పుడతారు. కాని ఆ అలవాటుతో ఈ పందేనికి వస్తే మాత్రం దెబ్బతింటారు.

పొడుగు పందేనికి సాధనలో ఎక్కువ భాగం నెమ్మదిగానే చెయ్యాలి. ఎంత నెమ్మదిగా? పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. ఆయాసం లేకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట తెగిపోతుంటే ఎక్కువైనట్టు. వారంలో ఒకటి రెండు సార్లు గట్టిగా చెయ్యండి, చాలు. మిగతావన్నీ మాట్లాడుకుంటూ. ఇలా నెలల తరబడి చేస్తే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కండరాలు కొవ్వుని కూడా బాగా వాడుకోవడం మొదలుపెడతాయి. ఇది వారాల్లో వచ్చేది కాదు. ఇప్పటికే పరుగు అలవాటున్నవాళ్ళకి కూడా ఏడాది పెట్టుకోవడం మంచిది. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుకి చూపించుకుని, గుండె పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టాలి.

ఇంకో మాట. మొదటిసారే పూర్తి దూరానికి పోవద్దు. ఐరన్‌మ్యాన్‌లోనే సగం దూరం పందెం ఉంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21 పరుగు. మన దేశంలో అది గోవాలో 2019 అక్టోబరులో మొదలైంది. మీరామార్ బీచ్‌లో ఈత మొదలవుతుంది. గడువు ఎనిమిదిన్నర గంటలు. ముందు సగం. తర్వాతే పూర్తి.

ఈత దగ్గరే మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. నాగావళి పక్కనే ఉంది కదా అంటారు. ఉంది. వేసవిలో ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఇసుక తీసిన చోట గోతులు. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ నడుస్తూ ఒక్కసారి మనిషి లోతులో పడతాం. వానాకాలంలో ఇంకో ప్రమాదం. ఆ నది పుట్టింది ఒడిశా కలహండి కొండల్లో. ఇక్కడ ఎండ కాస్తుంటే అక్కడ కురిసిన వానకి వరద వచ్చేస్తుంది. ఒంటరిగా నదిలో సాధన చెయ్యకండి. ఈ మాట మళ్ళీ చెప్తున్నాను. ఒంటరిగా నదిలో, ఒంటరిగా సముద్రంలో ఎప్పుడూ దిగకండి. కళింగపట్నం తీరం చూడటానికి ప్రశాంతంగానే ఉంటుంది, కాని లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనిపించవు. ఆ నీళ్ళ సంగతి తెలిసిన మత్స్యకారులు పక్కన పడవలో ఉంటేనే దిగాలి.

ముందు కొలను. మనకి దగ్గరలో అంటే విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్సు ఉంది. వారానికి ఒకసారి రైలెక్కి వెళ్ళి అయినా సరే, ఒక కోచ్ దగ్గర ఫ్రీస్టైల్ నేర్చుకోండి. చెరువులో పల్లెటూరి ఈత వచ్చినవాళ్ళకి నీళ్ళంటే భయం ఉండదు, అది పెద్ద ఆస్తి. కాని వాళ్ళు తల పైకెత్తి ఈదుతారు. తల లేస్తే నడుము మునుగుతుంది, నడుము మునిగితే నీళ్ళు మనల్ని వెనక్కి పట్టుకుంటాయి. ముఖం నీళ్ళలో పెట్టి, బుగ్గ ఒక పక్కకి తిప్పి గాలి పీల్చుకోవడం, నీళ్ళలోనే నెమ్మదిగా వదలడం, ఈ ఒక్కటీ రావడానికే వారాలు పడుతుంది. వచ్చాక ఇరవై నిమిషాల్లో అలిసిపోయే మనిషి గంటసేపు ఈదుతాడు.

వయసు దాటిపోయింది అనేవాళ్ళ కోసం ఒక పేరు చెప్తాను. గోలి శ్యామల గారు. సామర్లకోట ఆడపడుచు, హైదరాబాదులో ఉంటారు. ఆమె ఈత నేర్చుకున్నది నలభై దాటాక. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల పైచిలుకు ఈదారు. తర్వాత, 2024 చివర్లో మన విశాఖలోనే సముద్రంలోకి దిగి, రోజుకి కొంత చొప్పున ఈదుకుంటూ, కొత్త సంవత్సరం మొదటి వారంలో కాకినాడ చేరారు. దాదాపు 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. మనం మాట్లాడుకుంటున్నది నాలుగు కిలోమీటర్ల లోపు ఈత గురించి.

సైకిలు విషయంలో మనకి అదృష్టం ఉంది. రోడ్లున్నాయి. తెల్లవారుజామున బయల్దేరి శ్రీకాకుళం మీదుగా గార, కళింగపట్నం దాకా వెళ్ళి రావచ్చు. దారి చదునుగా ఉంటుంది, కాని సముద్రం వైపు ఎదురుగాలి బాగా నేర్పిస్తుంది. ఎత్తులు కావాలంటే పాలకొండ దాటి సీతంపేట కొండల వైపు వెళ్ళండి. జాతీయ రహదారి మీద లారీల మధ్య సాధన వద్దు. హెల్మెట్ లేకుండా అసలు వద్దు. లక్షల సైకిలు అవసరం లేదు. గేర్లున్న మామూలు రోడ్డు సైకిలు, మీ ఒంటి కొలతకి సరిగ్గా అమర్చినది చాలు. సీటు ఒక అంగుళం తేడా ఉన్నా వంద కిలోమీటర్ల తర్వాత మోకాలు చెప్తుంది. పంక్చరు వేసుకోవడం, ట్యూబు మార్చుకోవడం చేత్తో చేసి నేర్చుకోండి. పందెంలో ఆ పని మీదే, బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు. ముందువాడి వెనక చేరి గాలి తప్పించుకోవడం కూడా తప్పే. 12 మీటర్ల ఎడం ఉండాలని నియమం. 

ఇక సైకిలు దిగి పరుగెత్తడం. ఇది అనుభవిస్తే గాని తెలియదు. గంటల తరబడి గుండ్రంగా తిరిగిన కాళ్ళు నేల మీద పడగానే మనవి కానట్టు ఉంటాయి. తొడలు బిగుసుకుపోతాయి, అడుగు చిన్నదవుతుంది, నవ్వొస్తుంది కూడా. అందుకే వారానికి ఒకసారి సైకిలు దిగిన వెంటనే, బూట్లు మార్చుకుని, పదిహేను నిమిషాలైనా పరుగెత్తాలి. దీన్ని బ్రిక్ అంటారు. ఇంటి గుమ్మం దగ్గర బూట్లు సిద్ధంగా పెట్టుకోండి. తడి కాళ్ళకి మేజోళ్ళు తొడగడం కూడా సాధనే. కంగారులో మడత పడిన ఒక మేజోడు 42 కిలోమీటర్లలో పెద్ద బొబ్బ అవుతుంది. పాదాలకి కాస్త పౌడరు వేసి, మేజోడుని చివరిదాకా చుట్టి, వేళ్ళ దగ్గర నుంచి విప్పుకుంటూ ఎక్కించండి. తొడల లోపలా, చంకల్లో వ్యాజలీన్ రాసుకోండి. పందెంలో ఏడుపొచ్చేది ఎక్కువగా ఒరుపుల వల్లే.

తిండి గురించి కొంచెం ఆగి చెప్పుకుందాం. ఎందుకంటే సగం మంది ఇక్కడే ఓడిపోతారు.

మన కాలేయంలో, కండరాల్లో దాచుకున్న చక్కెర గట్టిగా పనిచేస్తే రెండు గంటలు వస్తుంది. పందెం పన్నెండు, పదిహేను, పదిహేడు గంటలు. కాబట్టి కదులుతూనే తినాలి. సైకిలు మీద గంటకి 60 గ్రాముల పిండి పదార్థం, అంటే సుమారు రెండు పెద్ద అరటిపళ్ళంత. ఆకలేస్తే తిందాం అనుకోకూడదు. ఆకలేసేసరికి ఆలస్యం అయిపోయినట్టే. గడియారం చూసి తినాలి. బజార్లో జెల్ ప్యాకెట్లు దొరుకుతాయి. ఇష్టమైతే వాడండి. అరటిపండు, బెల్లం ముక్క, ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప కూడా అదే పని చేస్తాయి. పొట్టకి కూడా సాధన ఉంటుంది. పందెం రోజు ఏం తినబోతున్నారో అదే ప్రతి పొడుగు సైకిలు రోజునా తినండి. పందెం రోజు కొత్త తిండి పెట్టుకున్నవాళ్ళ కష్టాలు రేడియోలో చెప్పుకునేవి కావు.

నీళ్ళు. మన ఉక్కపోతలో గంటకి ఒక లీటరు దాకా చెమట పోతుంది. కొందరికి ఇంకా ఎక్కువే. చెమటలో నీళ్ళతో పాటు ఉప్పు పోతుంది. అందుకని ఉత్త నీళ్ళు అదేపనిగా తాగేస్తే రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక. ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది. తక్కువ తాగడం ప్రమాదమే, ఉప్పు లేకుండా విపరీతంగా తాగడమూ ప్రమాదమే. ఎండలో పొలం పనికి వెళ్ళే మన పెద్దవాళ్ళు ఉప్పేసిన తరవాణి, మజ్జిగ, చోడి అంబలి పట్టుకెళ్ళేవారు. సాధన రోజుల్లో ఇంటికొచ్చాక అవే తాగండి. సీసాలోకి ఓఆర్ఎస్ కలుపుకోండి. సాధనకి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే మీ చెమట లెక్క మీకే తెలుస్తుంది. బరువు పెరిగిందంటే మాత్రం ఎక్కువ తాగేసినట్టు.

బరువులెత్తడం ఎందుకూ పనికిరాదా మరి? వస్తుంది. వారానికి రెండు రోజులు గుంజీలు, బరువుతో స్క్వాట్లు చేసిన కాళ్ళు మారథాన్ చివర్లో త్వరగా కుంగవు. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మల్లేశ్వరి నేర్చుకున్న ఊళ్ళో దీనికి వెతుక్కోవాల్సిన పని లేదు.

పందేనికి ముందు చివరి రెండు మూడు వారాలు సాధన సగానికి తగ్గించెయ్యాలి. ఇది మనసుకి చాలా కష్టం. ఏడాది పడ్డ పాటు కరిగిపోతోందని భయమేస్తుంది. కరగదు. ఒళ్ళు కోలుకుని కొత్త బలం కట్టుకునేది ఆ విశ్రాంతిలోనే. పైగా గోవా పందేలు అక్టోబరు, నవంబరులో వస్తుంటాయి. మనకి అది తుపాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఆ రోజుల్లో సముద్రంలో దిగే మాటే లేదు. ఎలాగూ తగ్గించాల్సిన వారాలే కాబట్టి, వాన కురుస్తుంటే ఇంట్లో పడుకోండి. తప్పులేదు.

పందెం రోజు ఏం జరుగుతుందంటే, ఈతలో మొదటి అయిదు నిమిషాలు గందరగోళం. పక్కవాడి మోచెయ్యి తగులుతుంది, ముందువాడి మడమ తగులుతుంది. కొలనులోలా అడుగున గీత ఉండదు, అందుకే నాలుగైదు బారలకోసారి మొసలి కళ్ళంత ఎత్తున కళ్ళు మాత్రం పైకెత్తి దారి చూపే బోయా చూసుకోవాలి. గుండె దడదడలాడితే వెల్లకిలా తిరగండి, ఊపిరి తీసుకోండి, మళ్ళీ మొదలుపెట్టండి. సైకిలు మొదటి గంటలో పదిమంది మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. ఒళ్ళంతా ఉత్సాహంగా ఉంటుంది, తొక్కెయ్యాలనిపిస్తుంది. తొక్కకండి. వాళ్ళలో కొందరిని మధ్యాహ్నం పరుగులో, రోడ్డు పక్కన నడుం పట్టుకుని నిలబడి ఉండగా చూస్తారు. పలకరించండి, వెళ్ళిపోండి. పరుగులో నీళ్ళ బల్ల వచ్చిన ప్రతిచోటా నడవడం తప్పు కాదు. టోపీలో ఐసు ముక్కలు వేసుకోండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆగి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. పందెం మళ్ళీ ఏడు కూడా ఉంటుంది.

గీత దాటాక మెడలో పతకం వేస్తారు. వెంటనే పడుకోవద్దు, కాసేపు నడవండి. ఉప్పగా ఏదైనా తినండి. మరునాడు మెట్లు ఎక్కడం పరవాలేదు గాని, దిగడమే కష్టం. గోడ పట్టుకుని వెనక్కి తిరిగి దిగుతుంటారు చాలామంది. కాబట్టి గోవా నుంచి తిరుగు రైలుకి టికెట్టు తీసుకునేటప్పుడు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. అప్పర్ బెర్తు మాత్రం తీసుకోకండి.